కర్రిగాడు కరిచిన నాడు

పోయిన ఆదివారం మా లచ్చిని వెంటబెట్టుకుని అమ్మమ్మగారి ఊరికి ఎగువన వాగు మీదున్న పాత రాతికట్ట చూసొద్దామని బయలుదేరితే, నన్ను గేటు దగ్గరే ఆపేశారు. లచ్చి అంటే మనిషి కాదు, నా కుక్క. నర్సు ఉద్యోగం నుంచి దిగిపోయి వనపర్తిలో ఇల్లు చూసుకున్న కొత్తలో, ఒక వానపూట తడిసి ముద్దయి మా మెట్ల కింద దూరిన పిల్ల, అప్పటినుంచి నా కాళ్ల వెంటే ఉంది. ఆటో మాట్లాడుకుని, డబ్బాలో జొన్నరొట్టెలూ ఉల్లిగడ్డ కారమూ పెట్టుకుని, దానికోసం వేరే గిన్నె కూడా సర్దుకుని, ఈ వయసులో ఇంత సంబరమేమిటని నాలో నేనే నవ్వుకుంటూ పోయాను. తీరా పోతే ఒకప్పుడు తంగేడు పొదలు తప్ప ఏమీ లేని చోట సిమెంటు గోడ, టికెట్ల గది, ఇనుప గేటు. కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టి, "కుక్కను లోపలికి రానియ్యమమ్మా, గలీజ్ చేస్తది" అన్నాడు.

అతని భుజం మీదుగా లోపలికి చూశాను. కట్ట వెంబడి ఖాళీ సీసాలు, ఎంగిలి ప్లేట్లు, చిప్స్ పొట్లాలు గాలికి దొర్లుతున్నాయి. నల్లగా నాచుపట్టి ఉండవలసిన రాళ్లకు పసుపూ నీలమూ రంగులు పూసి, మధ్యలో ఫొటోలు దిగడానికి పెద్ద ఎర్రని గుండె బొమ్మ నిలబెట్టారు. "మరి గా సీసాలన్నీ ఎవలు పారేసిన్రు నాయినా, కుక్కలా?" అని అడిగాను. "నాకేం తెల్వదమ్మా, పైనోళ్లు చెప్పిన మాట చెప్తున్న" అని అతను నవ్వాడు. అతని మీద నాకు కోపం లేదు, పొట్టకూటి కోసం నిలబడ్డవాడు. కానీ ఆ మాట మీద కోపం ఈ పూట దాకా ఉంది. రక్తపోటు మాత్ర వేసుకున్నా దిగలేదు. మా ఈడువాళ్లెవరైనా చదువుతుంటే వాళ్లకైనా అర్థమవుతుందేమోనని ఇది రాస్తున్నాను. కుక్క మీద నింద వేసి మనుషుల గలీజును దాచిపెట్టడం ఆ కట్ట దగ్గర నేను చూడడం ఇది మొదటిసారి కాదు.

మాది గద్వాల. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది, ఇల్లంతా ఎప్పుడూ గంజి వాసన, పట్టు వాసన. ఎండాకాలం సెలవులు రాగానే నన్నూ అక్కనూ బస్సెక్కించి అమ్మ తన పుట్టినూరికి పంపేది. వనపర్తికీ కొల్లాపూర్‌కూ నడుమ గట్ల కింద, అంటే రాళ్లగుట్టల కింద, ఉన్న చిన్న ఊరది. అక్కడా మా వాళ్లు నేతవాళ్లే, కానీ ఆ ఊళ్లో మగ్గాలు ఎప్పుడో నడవడం మానేశాయి. ఇంట్లో మగ్గం గుంటను పూడ్చి దానిమీద అమ్మమ్మ మేకపిల్లల్ని కట్టేసేది. అమ్మమ్మను మేమూ ఊరంతా కూడా అవ్వ అనే పిలిచేవాళ్లం. మామ, అంటే అమ్మ తమ్ముడు, మగ్గం వదిలిపెట్టి అందరితోపాటు లారీలెక్కి డ్యాముల పనికి పోయేవాడు. ఆ రోజుల్లో దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా మట్టి మోసేది మా పాలమూరు జిల్లావాళ్లే అని చెప్పుకునేవారు. మామ మాటల్లో మాకు తెలియని నదుల పేర్లుండేవి, వాటిమీద తను మోసిన రాళ్ల బరువుండేది. వానే దిక్కైన మా ఊరి మెట్ట చెలకల్లో మాత్రం జొన్న కూడా ఎండిపోయేది. చిన్నతనంలో అది నాకు వింతగా ఉండేది, పెద్దయ్యాక కోపంగా మారింది.

ఈ కథ జరిగిన ఏడు మామ ఏదో పెండ్లి కోసమని ముందుగానే ఇంటికొచ్చి, దసరా దాకా ఉండిపోయాడు. అతను ఊళ్లో ఉన్నన్నాళ్లూ రెండు కుక్కలు అతన్ని అంటిపెట్టుకుని తిరిగేవి. ఒకటి మోతి, తెల్లని ఆడకుక్క, వయసు మీద పడింది. ఎక్కడికి పోయినా నలుగురు నడుస్తుంటే ముందుకు ఉరికి, మళ్లీ వెనక్కు వచ్చి, అందరూ ఉన్నారా లేదా అని ఒక్కొక్కరి కాళ్లు వాసన చూసి తృప్తిపడేది. రెండోది కర్రిగాడు, ఒళ్లంతా కాటుక నలుపు, ఒక చెవి ఎప్పుడో ఏ పందితోనో పోట్లాడి చిరిగింది. వాడికి నీళ్లంటే పిచ్చి ప్రేమ, బాయి కనబడితే చాలు దూకేవాడు. అవ్వ వాణ్ణి రోజంతా తిట్టేది, సంకటి ముద్ద మాత్రం మొదట వాడికే పెట్టేది.

ఒకనాటి సాయంత్రం మామ మా ఇద్దరినీ కూర్చోబెట్టుకుని, "ఎన్ని కట్టలు కట్టిన్నో లెక్కలేదు గని, మన ఊరి కట్టను ఒక్కనాడన్న సక్కగ చూడలే. రేపు పొద్దుగాల పోదాం, వస్తరా?" అన్నాడు. అక్క వయసొచ్చిన పిల్ల, గట్ల మీదికి ఎందుకని అవ్వ కొంచెంసేపు గొణిగింది. అక్క పోయి అవ్వ ముందు కూర్చుని ఆమె కాళ్లు ఒత్తడం మొదలుపెట్టింది. ఇక అవ్వ ఏమనగలదు? తెల్లారగట్ల లేచి రొట్టెలు చేసి, చింతపండు తొక్కు పెట్టి, సద్ది మూట కట్టి మామ చేతికిచ్చింది. పిలవకుండానే కుక్కలు రెండూ వాకిట్లో తోకలాడిస్తూ నిలబడ్డాయి.

ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్లు తేలికవుతాయి. చల్లటి పూట ఎర్రమట్టి చెలకలు దాటి, ఎండిన వాగులో ఇసుక మీద నడిచి, మోదుగ చెట్ల నడుమ నుంచి గట్టెక్కాం. మామ తునికి పండ్లు రాల్చి ఒళ్లో పోశాడు. మోతి మమ్మల్ని లెక్క చూసుకుంటూ వెనకా ముందూ తిరిగింది, కర్రిగాడు ఉడుముల వాసన పట్టి పొదలన్నీ కలియబెట్టాడు. అదంతా అడవి కాదు, ఊరూ కాదు. మేకల వాళ్లు తప్ప ఎవరూ రాని ఆ గట్ల నడుమ ఒక మలుపు తిరగగానే కట్ట కనిపించింది.

సంస్థానం కాలం నాటిదని చెప్పేవారు. రెండు గట్ల నడుమ వాగుకు అడ్డంగా, ఒక్కొక్కటీ మంచమంత రాయి, రాయికీ రాయికీ మధ్య డంగు సున్నం. సిమెంటు చుక్క లేదు. నీటి పక్కకు మెట్లు మెట్లుగా దిగిపోయి, ఇవతలి పక్క నిటారుగా లేచి ఉంది. ఎండాకాలం గనుక లోపల నడుమ ఒక మడుగు మాత్రం మిగిలింది, దాని చుట్టూ కొంగలు. కర్రిగాడు ఆగలేదు, ఒక్క ఉరుకులో పోయి మడుగులో పడ్డాడు, కొంగలన్నీ లేచిపోయాయి. మామ మాత్రం కట్ట కింద నిలబడి, చెప్పులు విడిచి, రాతిమీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత, "ఎవలు మోసిన్రో చూడు బిడ్డా, ఒక్కొక్క రాయి. వాళ్ల పేర్లు ఎక్కడన్న ఉన్నయా?" అన్నాడు. ఎక్కడా లేవు. నేను వెతికాను.

నీళ్లు వదిలే తూములోకి కూడా వంగి దూరాం. బయట ఎండ పేలుతుంటే లోపల కుండలో కూర్చున్నంత చల్లదనం. గబ్బిలాల వాసన, అడుగున తడి ఇసుక. అక్క 'ఓ' అంటే ఆ సొరంగం పదిసార్లు 'ఓ' అంది. మోతి లోపలికి రానే రాలేదు. గుమ్మంలో కూర్చుని, మేము బయటికొచ్చేదాకా సన్నగా మూలుగుతూ, రాగానే మా ముగ్గురి కాళ్లూ వాసన చూసి అప్పుడు తోక ఊపింది. తూము నీడలోనే సద్ది విప్పాం. నా జీవితంలో చాలా చోట్ల చాలా రకాలు తిన్నాను గానీ, ఆ రొట్టె ముక్కా ఆ తొక్కూ మళ్లీ దొరకలేదు. ఆ రోజు అక్కడితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేదో.

కుక్కలు తినడం సగంలో ఆపి ఒక్కసారిగా తలలెత్తాయి. ముందు కర్రిగాడు, వెనక మోతి, కట్ట మీదికెక్కి ఆ చివరకు ఉరికాయి. ఉడుమును చూసి మొరిగే మొరుగుడు కాదది, ఇంటిలోకి పరాయివాడు దూరినప్పుడు మొరిగేది. మేమూ కట్ట మీదుగా పరుగెత్తాం. అటు చివర, గట్టుకు కట్ట ఆనుకునే చోట, పదిమంది మనుషులు గడ్డపారలతో రాళ్లు పెకలిస్తున్నారు. కింద లారీ నిలబడి ఉంది, సగం నిండింది. కట్ట తలమీద అప్పటికే ఎద్దుల బండి పట్టేంత గంటు పడింది. తాటిచెట్టు నీడలో నులక మంచం మీద తెల్లబట్టలాయన ఒకరు కూర్చుని తాపీగా తాంబూలం నములుతున్నాడు. చుట్టుపక్కల రోడ్ల పనులూ బడుల పనులూ చేయించే గుత్తేదారు, నాగర్‌కర్నూల్‌లో కొత్తగా మేడ కడుతున్నాడు. ఆ మేడకు ప్రహరీ గోడ కోసం మా ఊరి కట్టను ఊడబీకుతున్నాడు!

మామ గొంతు పెంచలేదు. "దొరా, రాళ్లెందుకు తీస్తున్రు? వానలొస్తే కట్ట నిలుస్తదా?" అని అడిగాడు.

"పాతది, పడిపోయేదే గదా. పర్మిషన్ ఉన్నది పో" అన్నాడు ఆయన, లేవకుండానే.

"ఉంటే జర చూపియ్యున్రి."

"నీకు చూపియ్యాల్నా? నువ్వెవడివిరా నాకు?"

"కట్ట కింద ఊరోన్ని. గీడ నీళ్లు నిలిస్తెనే మా ఊళ్ల బాయిలల్ల నీళ్లు."

ఆయన మంచం దిగి వచ్చి మామ రొమ్ము మీద చెయ్యివేసి నెట్టాడు. మామ తూలి రాళ్లమీద పడ్డాడు. అక్క అరిచింది. ఆయన కాలెత్తి పడ్డ మనిషిని తన్నబోయాడు, ఆ ఎత్తిన కాలి పిక్కను కర్రిగాడు పట్టుకున్నాడు. అంతే జరిగింది. నేను అక్కడే ఉన్నాను, నా కళ్లతో చూశాను, ఎవరు ఎన్ని విధాలుగా చెప్పినా జరిగింది అంతే. మామ పిలవగానే వాడు వదిలేసి వచ్చి మా వెనక నిలబడ్డాడు. మోచేతి నుంచి నెత్తురు కారుతున్నా మామ అన్న మాట నాకు బాగా గుర్తుంది: "మడుగు నీళ్లు పోసి సబ్బుతోని కడుగున్రి, ఎంటనే దవాఖానకు పోయి సూదులేయించుకోన్రి. కుక్కను నేను కట్టేసి చూస్త." తర్వాత జీవితమంతా నాగర్‌కర్నూల్ దవాఖానలో కుక్కకాటు మనుషులకు నేను చెప్పింది కూడా ఆ మాటే. కుక్కకాటు చిన్న విషయమని నేనెప్పుడూ అనను, అది ఎంత భయంకరమో చూసినదాన్ని. మామ కూడా చిన్న విషయమని అనలేదు.

మేము నడిచి ఊరు చేరేసరికి ఆయన దవాఖానకూ పోయాడు, ఆయన మనుషులు లారీలో మా ఊరికీ వచ్చిపోయారు. ఊళ్లో అప్పటికే మాట మారిపోయింది. మా ఇంటి కుక్కకు పిచ్చెక్కిందట, దారినపోయే పెద్దమనిషిని చీల్చిందట, మామే ఉసిగొల్పాడట. మమ్మల్ని చూసి పక్కింటావిడ తన పిల్లల్ని లోపలికి లాగి తలుపేసుకుంది. పొద్దున మాకు ఎదురొచ్చి "జాగర్త బిడ్డా" అన్న మనిషే ఆమె.

మర్నాడు పొద్దున్నే చావిడి దగ్గర పంచాయతీ పెట్టారు. ఊరి పెద్ద పటేలు అరుగు మీద కూర్చున్నాడు. గుత్తేదారు కాలికి కట్టుతో కుర్చీలో కూర్చున్నాడు, కుర్చీ మా ఊరివాళ్లే వేశారు. మామను ఎదురుగా నిలబెట్టారు. మేమిద్దరం అవ్వ కొంగు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాం. ఇక మొదలైంది. కుక్క ఎందుకు కరిచింది? కుక్కను తాడు లేకుండా ఎందుకు తీసుకుపోయావు? అది ఇంతకుముందు ఎవరిని కరిచింది? దాని నోటినుంచి చొంగ కారుతోందా? వీధిలో పిల్లలుంటే ఎవరిది బాధ్యత? ఒకరి తర్వాత ఒకరు లేచి కుక్క గురించి మాట్లాడారు. ఊళ్లో ఎన్నడూ నోరు విప్పనివాళ్లు కూడా ఆ పూట కుక్కల గురించి పండితులైపోయారు. మామ రెండుసార్లు "కట్ట రాళ్లు" అని ఎత్తుకోబోతే, "గది తర్వాత, ముందుగాల కుక్క సంగతి తేలనియ్యి" అని నోరు మూయించారు. ఇన్నేళ్లకు కూడా ఆ దృశ్యం గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది. కట్టను దొంగిలించినవాడు కుర్చీలో, కాపాడబోయినవాడు నిలువుకాళ్ల మీద, నేరం నాలుగు కాళ్లదాని మీద! చివరకు పటేలు గొంతు సవరించుకుని, "పెద్దమనిషి బాధపడ్డడు. కుక్కను గీ పూటనే కొట్టి సంపెయ్యాలె" అని తీర్పు చెప్పాడు.

అప్పుడు అవ్వ మా చేతులు విడిపించుకుని మెట్లెక్కింది. ఆడవాళ్లు చావిడి మెట్లెక్కే రోజులు కావవి. ఆమె గుత్తేదారు ముందు నిలబడి, ఆ కాలి కట్టు వైపు చూసి, "సూదులేయించుకున్నవా నాయినా?" అని అడిగింది. ఆయన అయోమయంగా తల ఊపాడు.

"మంచిగైంది. కుక్క కరిస్తే సూది ఉన్నది. కట్ట తెగితే సూది ఉన్నదా?"

ఆమె పటేలు వైపు తిరిగింది.

"పటేలా, నిన్నే అడుగుతున్న. కుక్క ఎందుకు కరిసిందని పొద్దటిసంది అడుగుతున్రు గదా, కుక్క ఆడికి పోయినప్పుడు గీయన ఆడ ఏం చేస్తుండెనో ఒక్కడన్న అడిగిండా? ఏందిరా, మీ నోళ్లల్ల ఏం పెట్టుకున్రు? రేపు ఆనలల్ల కట్ట తెగి మడులన్ని ఇసుక మేటలైతే, గీ కుక్క వచ్చి తోడిపోస్తదా?"

"ముసల్దానా, ఆడదానివి నువ్వు" అని పటేలు ఏదో అనబోయాడు.

"ఆడదాన్నే. నీ పెండ్లాం నీళ్లకు పోయే బాయిలనే నేనూ నీళ్లు తోడుకుంట. నువ్వు రాకపోతె మానె, నేను పోయి సూసొస్త. ఎవలొస్తరో రాన్రి." ఆమె మెట్లు దిగి, చీర కుచ్చిళ్లు దోపుకుని గట్టు దిక్కు నడవడం మొదలుపెట్టింది. మొదట మామ కదిలాడు. తర్వాత నీళ్ల బాయి దగ్గరి ఆడవాళ్లు, తర్వాత మామతోపాటు డ్యాముల పనికి పోయే కూలీలు. పక్కింటావిడ కూడా తలుపు తీసి బయటికొచ్చింది. కాసేపటికి చావిడిలో పటేలూ కుర్చీలోని ఆయనా మాత్రమే మిగిలారు.

ఊరంతా ఆ గంటు ముందు నిలబడి చూసిన చూపు నేను మరిచిపోలేను. కొందరు ఆడవాళ్లు చచ్చిన మనిషిని చూసినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. లారీ మళ్లీ వచ్చి ఉంది, గడ్డపారలు పట్టుకున్న మనుషులు అంతమందిని చూసి వాటిని కింద పడేసి, లారీ ఎక్కి వెళ్లిపోయారు. వాళ్లూ ఎక్కడో మాలాంటి ఊరివాళ్లే, వాళ్లననడానికేముంది. మామ గంటులోకి దిగి రాళ్లు తడిమి చూసి, "ఊరూరికి పోయి పరాయోళ్ల కట్టలు కట్టినోళ్లం, మన కట్ట మనం కట్టుకోలేమా?" అన్నాడు. ఆ మాట మీద ఆ మర్నాటినుంచి పని మొదలైంది. పెద్ద రాళ్లు పోయాయి గనుక గట్టు మీది బండలు పగలగొట్టి తెచ్చారు, సున్నం గానుగ ఆడించారు, బెల్లం నీళ్లు కలిపారు. ఆడవాళ్లం తట్టలు మోశాం. అక్కకు అరచేతులు బొబ్బలెక్కాయి, ఆమె వాటిని అందరికీ గర్వంగా చూపించుకుంది. పటేలు మాత్రం ఆ దిక్కుకు రాలేదు.

పటేలు తీర్పును మళ్లీ ఎవరూ ఎత్తలేదు, కర్రిగాణ్ణి మామ అన్న మాట ప్రకారం వాకిట్లో గుంజకు కట్టేశాడు. పది దినాలు చూడాలి, కరిచిన కుక్క ఆ గడువు దాటి ఆరోగ్యంగా ఉంటే భయం లేనట్టే. గుత్తేదారు మనిషి ఒకడు రోజూ వచ్చి గడప బయట నిలబడి చూసిపోయేవాడు. వాడు చూడవచ్చింది కుక్క బతికి ఉందని నిర్ధారించుకోవడానికా, ఇంకా చావలేదేమని తెలుసుకోవడానికా, నాకిప్పటికీ తెలియదు. కర్రిగాడు మాత్రం కట్టు తెలియని ప్రాణి, పగలంతా గట్టు దిక్కు చూస్తూ కుంయి కుంయిమనేవాడు. నీళ్ల గిన్నె పెడితే తాగేముందు అందులో రెండు ముందుకాళ్లూ పెట్టి నిలబడేవాడు. గడువు దాటిపోయింది. వాడికే జబ్బూ లేదు. నలుగురూ చూస్తుండగా మామ తాడు విప్పాడు. ఆ కుక్క ఒక్క క్షణం నమ్మలేనట్టు నిలబడి, తర్వాత వీధులు దాటి, చెలకలు దాటి, నేరుగా మేము పనిచేసే చోటికి ఉరికి, మడుగులో దూకింది. అక్కడ పనిలో ఉన్నవాళ్లంతా గడ్డపారలు దించి నవ్వారు. అవ్వ మాత్రం కళ్లు తుడుచుకుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున కర్రిగాడు ఇంటికి రాలేదు. మోతి ఒక్కతే వచ్చి, మా కాళ్లు వాసన చూసి, వెనక్కి తిరిగి కొంతదూరం పోయి నిలబడి మావైపు చూసింది. మేము దాని వెంట పోయాం. తూము గుమ్మంలో, మేము సద్ది తిన్న నీడలో, వాడు పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. నోటి చుట్టూ నురుగు, పక్కన సగం కొరికిన మాంసం ముక్క ఉంది. ఆ దారిన మేకలవాళ్లు కూడా మాంసం తీసుకుపోరు. ఎవరు పెట్టారో ఊరందరికీ తెలుసు. మామ నేరుగా పటేలు దగ్గరికి పోయాడు, నేనూ వెంట ఉన్నాను. పటేలు పండ్లపుల్ల నములుతూ విని, "ఏందిరా, కుక్కే గదా! గింత దానికి పరేషాన్ ఎందుకు?" అన్నాడు.

ఆరోగ్యంగా ఉన్న కుక్కను చంపాలని తీర్పు చెప్పిన పూట ఊరంతటినీ పిలిచాడే, అప్పుడు 'కుక్కే గదా' అని ఎందుకనలేదు? కరిస్తే పంచాయతీ, చస్తే 'కుక్కే గదా'! ఆ మాటను నేను తర్వాత చాలా రూపాల్లో విన్నాను. దవాఖానలో కూలీ మనిషి కాన్పుకొచ్చి మంచం లేక వరండాలో పడి ఉంటే, కృష్ణ ఒడ్డున ఊళ్లు నీళ్లపాలైతే, వలసపోయినవాడు శవమై లారీలో తిరిగొస్తే, ఎవరో ఒకరు అదే గొంతుతో అదే మాట అన్నారు, 'కుక్క' అనే చోట ఇంకో పేరు పెట్టి. విన్న ప్రతిసారీ నాకు ఆ పండ్లపుల్లే కనబడింది.

మామ కర్రిగాణ్ణి కట్ట వెనక మెత్తని మట్టిలో పూడ్చాడు. ఏడవలేదు, ఆ రోజంతా రాళ్లు మోశాడు, ఎవరు వారించినా ఆగలేదు. వానలు మృగశిర కార్తె దాటి కాస్త ఆలస్యంగా వచ్చాయి గానీ, వచ్చినప్పుడు ఉగ్రంగా వచ్చాయి. సెలవులు అయిపోయి మేము గద్వాలకు వచ్చేశాం గనుక నేను చూడలేదు. వాగు పొంగి కట్ట నిండి, అలుగు మీంచి నీళ్లు దుంకుతుంటే, కొత్తగా కట్టిన చోట చుక్క నీరు కారలేదని, మామ పగలంతా వానలో గొంగడి కప్పుకుని అక్కడే కూర్చున్నాడని అమ్మకు ఎవరో వచ్చి చెప్పారు. దసరా పోయాక అతను మళ్లీ లారీ ఎక్కాడు. మోతి ఊరి పొలిమేర దాకా లారీ వెంట పోయి వచ్చిందట.

అప్పటికే లారీల్లో పోయిన రాళ్లు మాత్రం తిరిగి రాలేదు. నేను ఉద్యోగంలో చేరాక నాగర్‌కర్నూల్‌లో గుత్తేదారు మేడ ముందునుంచే నడిచి బస్సుకు పోయేదాన్ని. ప్రహరీలో ఆ మంచమంత రాళ్లు, అంచుల్లో పాత సున్నం ఇంకా అంటుకునే ఉండేది. ఆయన పెద్ద వయసుదాకా బతికాడు, పోయినప్పుడు ఊరేగింపుగా తీసుకుపోయారు. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

మార్పు లేదని నేననను. ఇప్పుడు కాలువల్లో కృష్ణ నీళ్లు మా దిక్కుకు కూడా వస్తున్నాయి. ఎండాకాలంలో పచ్చని వరి చూస్తుంటే మామ బతికుంటే బాగుండేదనిపిస్తుంది, పరాయి నేలమీద అతను మోసిన తట్టలన్నీ గుర్తొస్తాయి. పిల్లలు చదువుకున్నారు. లారీలెక్కేవాళ్లు తగ్గారు. కానీ ఈ కథ నేను ఎందరికో చెప్పాను. డ్యూటీ గదిలో తోటి నర్సులకు, బస్సులో పక్క మనిషికి, మొన్న మా అక్క మనవరాలికి. చక్కగా చదువుకున్న పిల్ల, నా మాటలన్నీ శ్రద్ధగా విని, "ఇంతకీ అమ్మమ్మా, ఆ కుక్కకు నిజంగ పిచ్చి లేకుండెనా?" అని అడిగింది. అందరూ మొదట అడిగేది అదే. ఆ రాళ్లు ఎవరివి, ఎందుకు తిరిగి రాలేదు అని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

అడగడానికి ఆనాడు మా ఊళ్లో చదువురాని ఒక ముసలామె ఉండేది, ఆమె అడిగితే ఊరు వెంట నడిచేది. ఇప్పుడు ఊరు పెరిగింది, చావిడికి కొత్త మెట్లు కట్టారు. ఆ మెట్లెక్కేవాళ్లే కనబడటం లేదు.